ఆజూర్ అంటే అక్టోబర్

మున్షీ సాబ్ పోయి అప్పుడే ఆరు నెలలైందట. ఆ సంగతి నాకు మొన్న గన్‌ఫౌండ్రీలో బ్యాంకు క్యూలో నిలబడి ఉండగా తెలిసింది. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి, కళ్లజోడు సవరించుకుని, "మీరు నాంపల్లి రీడింగ్ హాల్ల ఉండేటోళ్లు గద?" అంది. అప్పుడు గుర్తుపట్టాను. ఆ రోజుల్లో మాతోపాటు పరిశోధన చేసిన ఒకే ఒక్క ఆడపిల్ల. ఇప్పుడు ఏదో మహిళా కళాశాలలో చరిత్ర చెబుతోంది. జుట్టు నెరిసింది.

"మున్షీ సాబ్ పోయిన్రు, మీకెర్కేనా?"

"లేదండీ. ఎప్పుడు?"

"అయ్యో, మీకెవ్వరూ చెప్పలేదా? ఆయనకు మీరంటె ఎంత పానముండె! మా డిపార్ట్‌మెంట్ పత్రికల ఆయన మీద నాలుగు మాటలు ఎయ్యాలనుకుంటున్నం. మీరే రాయాలె. మీకన్న దగ్గరోళ్లు ఎవరున్నరు?"

రాస్తానన్నాను. కాదనవలసిన చోట తల ఊపడం నాకు బాగా అలవాటు. ఆ నాలుగు మాటలూ రాసి పంపించేశాను కూడా. అందులో అన్నీ మంచి మాటలే ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు. ఇది మాత్రం ఆవిడకు పంపనిది.

ఆయన అసలు పేరు ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. నాలుగేళ్లు ఆయన పక్కన కూర్చుని పేరైనా అడగలేదు. అందరూ మున్షీ సాబ్ అనేవారు, నేను మా కోస్తా అలవాటు కొద్దీ మున్షీగారూ అనేవాణ్ణి. ఇన్నాళ్లకు తెలిసిన ఆ పేరును ఇక్కడ వాడుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే దారిలో ఒక పాత రెండంతస్తుల ఇంటిని విశ్వవిద్యాలయం వాళ్లు కిరాయికి తీసుకుని, నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు కొన్ని అందులో పెట్టారు. మా రీడింగ్ హాల్ అదే. ఎర్రగుడ్డల్లో కట్టిన మూటలు, వాటిని బస్తాలనేవారు. లోపల అంతా గొలుసుకట్టు ఉర్దూ. రాష్ట్రాలు కలిశాక గుంటూరు జిల్లా నుంచి మూటాముల్లే సర్దుకుని వచ్చిన నాలాంటి వాళ్లకు అందులో ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టు. మున్షీ సాబ్ పాత తెలుగింటి మనిషే, కానీ చదువంతా ఉర్దూలో సాగింది. రెవెన్యూ దఫ్తర్‌లో గుమాస్తా. దఫ్తర్లు ఇంగ్లీషులోకి మారినప్పుడు ఇంగ్లీషు రాదని ఆయన్ని గడువుకు ముందే ఇంటికి పంపించారు. అలా ఇంటికెళ్లిన మనిషిని మా డిపార్ట్‌మెంట్ పిలిచి, పిల్లలకు కాగితాలు చదివిపెట్టే పని అప్పగించింది.

నల్ల షేర్వానీ, నల్లటోపీ, నొసట సన్నటి కుంకుమబొట్టు. ఎండాకాలంలో కూడా షేర్వానీ మెడ గుండీ విప్పగా నేను చూడలేదు. బస్తా విప్పేముందు వరండాలోకి వెళ్లి కూజాలో నీళ్లతో చేతులు కడుక్కుని, ఆ పనికే ప్రత్యేకంగా తెచ్చుకున్న తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకునేవారు. మాకు తొందర. ఆయనకు లేదు. "జర సబర్ చెయ్యిన్రి డాక్టర్ సాబ్. నూరేండ్ల సంది పండుకున్న కాగితం. లేపాలంటె జర మెల్లగ లేపాలె గద" అనేవారు.

డాక్టర్ సాబ్ అనే పిలుపు చేరిన మొదటి రోజు నుంచే. ఇంకా పట్టా ఎక్కడండీ అంటే, "ఇప్పటిసంది అలవాటు చేసుకోన్రి, అప్పుడు సిగ్గుగుండదు" అనేవారు. ఆడపిల్లను కూడా డాక్టర్ సాబ్ అనే పిలిచేవారు. ఆ హాల్లో ఉన్నది ఒక్కటే పంకా. ఆ అమ్మాయి వచ్చిన రోజు నుంచి ఆయన కుర్చీ పంకా కింది నుంచి గుమ్మం దగ్గరికి మారిపోయింది. ఎందుకని అడిగితే, గాలి పడదు, ఒళ్లునొప్పులు అన్నారు.

ఇక తారీఖుల పట్టింపు. ఏ కాగితం విప్పినా ముందు తారీఖు చదివేవారు. "ముందుగాల తారీఖు రాసుకోన్రి. సంగతి తర్వాత." మేం రాసుకోవాలి, రాసుకున్నది తిరిగి ఆయనకు చదివి వినిపించాలి, అప్పుడే రెండో వాక్యంలోకి వెళ్లేవారు. రైతులు పెట్టుకున్న అర్జీలు వచ్చినప్పుడు మాత్రం ఆయన గొంతు మారిపోయేది. ఉర్దూలో ఉన్నదాన్ని అప్పటికప్పుడు తెలుగు చేసి, తనే ఆ రైతైనట్టు చేతులు జోడించి చదివేవారు. మేం నవ్వేవాళ్లం. ఒకసారి అలా చదువుతూ చదువుతూ ఆగిపోయి కళ్లు తుడుచుకున్నారు. దుమ్ము పడిందన్నారు.

మధ్యాహ్నం అయ్యేసరికి ఒక్కొక్కరి మొహమూ చూసి, "తిన్నరా?" అని అడిగేవారు. తిన్నానని అబద్ధం చెబితే నమ్మేవారు కాదు. నడిపించుకుంటూ అబిడ్స్‌లో ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి, చాయ్ సాసర్‌లో పోసుకుని నింపాదిగా తాగుతూ, మన ముందు మాత్రం రెండు సమోసాలూ నాలుగు బిస్కెట్లూ పెట్టించేవారు. ఎవరి గైడు ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఎవరికి ఇంటి దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం లేదో అన్నీ ఆయనకు తెలిసేవి. అడిగి తెలుసుకునేవారు కాదు. మనమే చెప్పేసేవాళ్లం.

రెండో ఏడు నాకు ఈ చదువు మీద విరక్తి పుట్టింది. గైడుగారు మొదటి అధ్యాయం మూడుసార్లు తిప్పి పంపారు. హిమాయత్‌నగర్‌లో అద్దెగది ఖాళీ చేసి, ట్రంకుపెట్టెతో గౌలిగూడ బస్‌స్టాండుకు చేరుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఊరికి వెళ్లే బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటే మున్షీ సాబ్ వచ్చి పక్కన కూర్చున్నారు. షేర్వానీ వీపంతా చెమటతో తడిసిపోయింది. నడిచే వచ్చారు.

"మీ నోట్‌బుక్ బల్ల మీదనే ఇడిసిపెట్టిన్రు. గదికి పోతె ఖాళీ చేసిన్రన్నరు" అన్నారు, చేతిలో పుస్తకం చూపిస్తూ.

"దాంతో ఇక పని లేదు మున్షీగారూ."

"ఔ, ఔ. మీకు లేదు, నాకున్నది. సోమారంనాడు దై నెల బస్తా ఇప్పుదామనుకుంటున్న. గంత పెద్ద బస్తా, మీరు లేకుంటె ఎవరికి చదవాలె?"

వెళ్లొద్దని అనలేదు. చదువు గొప్పతనం గురించి ఒక్క మాట చెప్పలేదు. బస్సు వచ్చింది. ఆయన లేచి ట్రంకుపెట్టె ఒక పక్క పట్టుకున్నారు. నేను రెండోపక్క పట్టుకున్నాను. ఇద్దరం దాన్ని మోసుకుంటూ బయటికి వచ్చి రిక్షా ఎక్కాం. ఆ రోజు ఆయన రాకపోతే నేను మా ఊళ్లో పొగాకు బేరాలు చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఇది నేను ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటాను, ఒప్పుకోవడానికి సులువైన సంగతి కనుక.

ఆ దై నెల బస్తాలోనే నాకు కావలసిన హుకుం దొరికింది. పంటలు పోయిన ఒక ఏడాది రైతులకు శిస్తు వదిలేస్తూ ఇచ్చిన ఉత్తర్వు. అదే ఏడాది అక్టోబరులో పంటలు పోయాయని గోల పెడుతూ రాసిన ఇంగ్లీషు ఉత్తరాలు నాకు ముందే దొరికాయి. హుకుం ముందా, ఉత్తరాలు ముందా అన్నది తేలితే నా మూడో అధ్యాయం తేలినట్టే.

ఉర్దూ కాగితాల మీద ఉండేది ఫస్లీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. మా జిల్లాల్లో ఫస్లీ జూలైలో మొదలవుతుంది. నేను మూడు తరాల కరణాల ఇంట్లో పుట్టినవాణ్ణి, మా నాన్న ఫస్లీ లెక్కలు రాస్తుంటే పక్కన కూర్చుని పలకమీద దిద్దుకున్నవాణ్ణి. ఇక్కడి ఫస్లీలో మొదటి నెల ఆజూర్, రెండోది దై. అంటే ఆజూర్ జూలై, దై ఆగస్టు అని ఠకీమని రాసేసుకున్నాను. హుకుం ఆగస్టుది, ఉత్తరాలు అక్టోబరువి. ఎవరూ అడగకముందే సర్కారు తనంతట తానే దయ తలచిందన్నమాట! నా ఆనందానికి అంతులేదు. ఎవరూ కనిపెట్టనిది నేను కనిపెట్టాను.

రాసింది చదవమన్నారు మున్షీ సాబ్. చదివాను.

"గట్ల కాదు డాక్టర్ సాబ్. గది మీ దిక్కు ఫస్లీ. గీడ ఫస్లీ ఆజూర్ల షురూ అయితది. ఆజూర్ అంటె అక్టోబర్. దై అంటె నవంబర్."

"ఫస్లీ గురించి మీరు నాకు చెబుతారా మున్షీగారూ? మాది కరణాల ఇల్లు."

"అయ్యో, మీ ఇంటిని నేనేమంటలేను. నేను ముప్పై ఏండ్లు గీ దఫ్తర్ల..."

"మీరు చదివిపెట్టండి చాలు. లెక్కలు నేను చూసుకుంటాను."

ఈ మాట హాల్లో ఉన్న అందరూ విన్నారు. ఆడపిల్ల తల వంచుకుంది. మున్షీ సాబ్ "జీ" అని మిగతాది చదివారు. మర్నాడు నా బల్లమీద ఒక కాగితం ఉంది. ఒక పక్క పన్నెండు ఫస్లీ నెలల పేర్లు, ఎదురుగా ఇంగ్లీషు నెలలు. అన్నీ ఆయనకు కష్టంగా వచ్చే తెలుగు అక్షరాల్లో, నా కోసం రాసినవి. నేను దాన్ని చదవనైనా లేదు. సిరా అద్దుకోవడానికి వాడుకున్నాను.

గైడుగారికీ ఆ ఫస్లీ గొడవ తెలియదు. ఆయన అధ్యాయం మెచ్చుకుని సంతకం పెట్టారు.

మౌఖిక పరీక్ష ఆ రీడింగ్ హాల్లోనే జరిగింది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు అసలు కాగితాలు చూడాలన్నాడు. బక్కపలచటి మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. అప్పటికే నాకు మా డిపార్ట్‌మెంట్‌లోనే లెక్చరర్ ఉద్యోగం ఖాయమైంది. కాలేజీలు తెరిచేలోగా పట్టా చేతికి రావాలి, రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మా నాన్న అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నారు.

పరీక్షకుడు ఇంగ్లీషులో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఆగస్టులో పంట ఇంకా చేలో పచ్చగా నిలబడి ఉంటుంది. ఇంకా పోని పంటకు శిస్తు ఎలా వదిలేశారు?"

ఇంత చిన్న ప్రశ్న. పొలం ఉన్న ఇంట్లో పుట్టి నాకు తట్టలేదు. ఆజూర్ అంటే అక్టోబరే. హుకుం నవంబరుది. రైతులు మొత్తుకున్నాకే సర్కారు కదిలింది. నేను కనిపెట్టిందంతా నా మూర్ఖత్వం. అంతా నాకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి నోరు మాత్రం రాలేదు. గైడుగారి మొహం తెల్లబోయింది.

"నాకు ఉర్దూ రాత రాదు సార్. మున్షీగారు చదివి చెప్పిన తేదీలే రాసుకున్నాను" అన్నాను.

అప్పటికే మున్షీ సాబ్ ఆ దై నెల బస్తా తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నేనేమన్నానో తెలియదు. గైడుగారు నా అధ్యాయంలో నెలలు రాసిన చోటు చూసి తెలుగులో అడిగారు.

"ఏమయ్యా, ఆజూర్ అంటే జూలై అని ఇతనికి నువ్వేనా చెప్పింది?"

మున్షీ సాబ్ నావైపు చూశారు. నేను కళ్లు దించుకున్నాను. ఆయన్ని ఎవరైనా ఏమయ్యా అని పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

"ఔ సార్" అన్నారాయన. "నేనే చెప్పిన. ముసలితనం, తికమకైన. డాక్టర్ సాబ్‌ది ఏం తప్పు లేదు."

గైడుగారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. పరీక్షకుడు మంచివాడు. నెలలోగా మూడో అధ్యాయం దిద్ది ఇమ్మని, పట్టాకు సిఫారసు చేసేశాడు. చేతులు కలిపారు, మిఠాయి తెప్పించారు. వరండాలో మున్షీ సాబ్ బస్తా తిరిగి కట్టుకుంటున్నారు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఫికర్ చెయ్యకున్రి, మీకు నౌకరి రావాలె గద" అన్నారు ముడి బిగిస్తూ. "తారీఖులు మాత్రం మంచిగ దిద్దుకోన్రి."

"వస్తానండీ, లోపల పిలుస్తున్నారు" అన్నాను. లోపల ఎవరూ పిలవలేదు.

తారీఖులు దిద్దాను. ఆ అధ్యాయం అంతా తిరగరాశాను. ఆయన నా బల్లమీద పెట్టిన ఆ కాగితం కోసం వెతికితే దొరకలేదు, లైబ్రరీలో వేరే పుస్తకం చూసి నెలలు సరిచేసుకున్నాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మూడో నెల డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మున్షీ సాబ్ ప్రస్తావన వచ్చింది. తేదీలు తప్పు చెప్పే మనిషి చేతుల్లో విద్యార్థుల్ని పెట్టడం ఎలా అన్నారొకరు. ఇంగ్లీషు కూడా వచ్చిన కుర్ర గుమాస్తాను వేసుకుందామన్నారు ఇంకొకరు. గైడుగారు నావైపు తిరిగారు. "నీకు అనుభవమే కదా, నువ్వేమంటావు?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఉద్యోగం చేతికొచ్చేసింది. పట్టా ఎవరూ వెనక్కి లాక్కోరు. మహా అయితే కాస్త నవ్విపోతారు. ఆ నవ్వుకే భయపడ్డాను.

"పెద్దాయన కదండీ, వయసు మీద పడింది" అన్నాను.

మర్నాటి నుంచి ఇక రానక్కర్లేదని ఆయనకు కబురు పంపారు. చేతులు తుడుచుకునే తువ్వాలు కొక్కేనికి వేలాడుతూ కొన్నాళ్లు ఉంది, తర్వాత ఎవరు తీశారో తీసేశారు. ఆయన ఇల్లెక్కడో కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. నేను కనుక్కోలేదు. నాంపల్లి వైపు పని పడితే చుట్టు తిరిగి వేరే దారిన వెళ్లేవాణ్ణి. ఇదంతా రాస్తుంటే నా మీద నాకు రోత పుడుతోంది.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. పరీక్షల జవాబు పత్రాల కట్ట రిజిస్టరు చేయడానికి ఒక మధ్యాహ్నం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు వెళ్లాను. మెట్ల పక్కన నీడలో ఒక చిన్న బల్ల వేసుకుని, చదువురాని వాళ్లకు మనియార్డర్ ఫారాలు నింపిపెడుతూ మున్షీ సాబ్ కనిపించారు. అదే నల్ల షేర్వానీ, కుంకుమబొట్టు. మనిషి సగమయ్యారు. ఒక కూలీ మనిషికి ఫారం నింపుతూ, "ఇయ్యాల తారీఖెంత?" అని అడిగారు. అతను చెప్పాడు. పక్కన నిలబడ్డ ఇంకొకతన్ని మళ్లీ అడిగారు. ఇద్దరూ ఒకటే చెప్పాక గానీ రాయలేదు. నేను తప్పించుకుని వెళ్లిపోదామనుకునేలోపు తల ఎత్తి చూశారు.

"డాక్టర్ సాబ్!"

లేచి నిలబడ్డారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. కూలీ మనిషితో, "మా డాక్టర్ సాబ్. పెద్ద ప్రొఫెసర్" అని గొప్పగా చెప్పారు. నేనింకా లెక్చరర్‌నే. పిల్లలెందరు, ఆరోగ్యం ఎట్లున్నది అని అడిగారు. తిన్నరా అని కూడా అడిగారు. నేను తొందరలో ఉన్నట్టు చేతిలో కట్టను అటూఇటూ మార్చుకున్నాను.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి" అన్నారు గొంతు తగ్గించి. "మీకు యాదుండే ఉంటది. ఆజూర్ అంటె జూలై అని నేను నిజంగ చెప్పిన్నా?"

నేను పోస్టాఫీసు గుమ్మం వైపు చూశాను.

"మొదట్ల చెప్పలేదనే అనుకున్న. మీకు నౌకరి పోవద్దని ఒప్పుకున్న అనుకున్న. తర్వాత డిపార్ట్‌మెంటోళ్లు అందరు నా మతి పోయిందన్నరు. మీరు గూడ అట్లనే అన్నరంట గద. మీరు అబద్ధం ఎందుకు చెప్తరు? అప్పటిసంది ఇంట్ల కూసోని సోంచాయిస్తుంటె, చెప్పిననేమో అనిపిస్తది. ముప్పై ఏండ్లు రాసిన తారీఖులన్ని గట్లనే తప్పు రాసిన్నో ఏమో అని గుబులైతది. నిద్రబట్టదు. మీరొక్కలు జెప్తె నాకు నెమ్మదైతది డాక్టర్ సాబ్. నేనేం చెప్పిన?"

ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. చెప్పవలసింది ఒక్క ముక్క. మీరు సరిగ్గానే చెప్పారు, నేనే వినలేదు. నా చుట్టూ మెట్ల మీద జనం ఉన్నారు, వాళ్లలో నా విద్యార్థులు ఇద్దరున్నారు. నమస్కారం పెట్టి, అక్కడే నిలబడి వింటున్నారు.

"పాత సంగతులు కదండీ. ఇప్పుడెందుకు?" అన్నాను.

ఆయన నా చేతులు వదిలేశారు. తర్వాత మెల్లగా తల ఊపారు.

"ఔ. అంటె చెప్పిననే" అన్నారు. "నా వల్ల మీ జిందగీ ఖరాబ్ అయితుండె. గదొక్కటే నాకు బాధ. మాఫ్ చెయ్యిన్రి."

రెండు చేతులూ జోడించారు.

"పర్వాలేదు లెండి మున్షీగారూ" అన్నాను.